త్రాసు ముల్లు

ప్రొద్దుటూరులో నాకొక చెయ్యి ఉండేది.
అట్లంటే నవ్వుతారు గానీ
అంగళ్లవాళ్లు నా కోసం అడిగేవాళ్లు కాదు,
"కంభగిరి ఆచారి చెయ్యి ఖాళీనా?" అనేవాళ్లు.
ముక్కుపుడకలో ఆవగింజంత రాయిని
ఊపిరి బిగబట్టి, వదిలేలోపల
పొదిగేసే చెయ్యి.

మొదట వణికింది బొటనవేలు.
పోయినేడు మాఘం, పెళ్లిళ్ల ఒత్తిడి.
పట్టకారు కొన నుంచి ఎర్రరాయొకటి జారి
యాడికి పోయిందో పోయింది.
నేనూ నా పెండ్లామూ నేల మీద బోర్లా పండుకోని
టార్చిలైటు పెట్టి వెతికినాం.
"చలి" అన్నాను.
"కుంపటి ముందర చలేంది?" అనలేదు ఆమె.
అనకపోవడమే నాకు వినపడింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కాగితమిచ్చి గీత గీయమంది.
గీసినాను.
ఎండాకాలం పెన్నలో, ఇసక మీద
పాము పోయిన జాడ.
"ఇది పోయేది కాదు పెద్దాయనా,
నెమ్మది చెయ్యొచ్చు."
మాత్ర సగం పొద్దున, సగం రాత్రి.
దాన్ని సగానికి విరిచేది నా పెండ్లాం.
వీసమెత్తు బంగారాన్ని విడగొట్టినోణ్ణి,
పక్కన కూర్చోని చూస్తాను.

ఆరు నెలలు కోపంగా ఉన్నాను.
కోపానికి ఒక మనిషి కావాల కదా,
మా సందులోనే దొరికినాడు,
బెంగాలు నుంచి వచ్చిన పిల్లోడు, తపన్.
ఇరవయ్యేళ్లు. మెడలో తువ్వాల,
నోట్లో ఎప్పుడూ ఏదో కూనిరాగం.
నా గడప తొక్కాల్సిన పుడకలన్నీ
వాడి గడప తొక్కుతుండె.
ఒకనాడు భూతద్దం జేబులో పెట్టుకోని పోయినా,
వాడి పనిలో తప్పు పట్టేదానికి.

తప్పు లేదు.

ఇంటికొచ్చి సంగటి ముట్టలేదు ఆ రాత్రి.

మా నాయన త్రాసు ఒకటుంది, అద్దాల పెట్టెలోది.
ఇప్పుడందరివీ కరెంటు త్రాసులు,
అంకె ఎర్రగా వెలుగుతుంది, మాట్లాడే పని లేదు.
ఒక మధ్యాహ్నం, ఊరికే,
దాన్ని తుడిచి రెండు తట్టల్లో రెండు గురివిందలు వేసినాను.
ముల్లు అటు పోయింది. ఇటొచ్చింది. మళ్లీ అటు.
నేను గుడ్డపేలిక పట్టుకోని చూస్తా ఉన్నాను.
పదేళ్లప్పుడు ఇట్లనే తొందరపడి వేలు పెడితే
నాయన మొట్టికాయ వేసి చెప్పిన మాట:
"ఊగనీరా. ఊగుతుండాదంటే ఇరుసు బాగుండాదని.
కదలకుండా నిలబడిపోయిందా,
తుప్పు పట్టిందేమో చూడు."

నాయన త్రాసు గురించే చెప్పినాడు.
జీవితం గీవితం ఆయనకు తెలీదు,
బాకీలు తెలుసు.
అయినా ఆ పొద్దు
నేను నా చేతిని ఒళ్లో పెట్టుకోని
చాలాసేపు ఊగనిచ్చినాను.

శ్రావణంలో తపనే వచ్చినాడు,
గోనెసంచిలో వాడి అంగడి ఊడ్పు,
మసి, బూడిద, ఆకురాయి పొడి, ఏడాది దుమ్ము.
"కాకా, దీన్ని కడిగేది నాకు రాదు."
వచ్చీరాని తెలుగు. నిజంగా రాదో,
నా పెండ్లాం పంపిందో, ఇప్పటికీ అడగలేదు.
మట్టిమూకుడులో నీళ్లు పోసి పట్టుకున్నాను.
ఊపాలని అనుకోకముందే
చెయ్యి ఊపుతోంది.
సన్నంగా, ఆగకుండా, పాతికేళ్ల పనోడికైనా
గంటలో నొప్పి పుట్టే ఆ ఊపు.
మసి అంచు దాటి పోతుండాది.
అడుగున, గోరంచంత మేర,
పచ్చగా.
"మిషన్ కాకా!" అన్నాడు పిల్లోడు.
వాణ్ణి తిట్టబోయి నవ్వినాను.
నవ్వితే ఇంకా ఎక్కువ ఊగింది.

అన్ని దినాలూ ఇట్లుండవు.
నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక ఏడ్చినాను.
ఊరిబిండి గిన్నె పోయిన వారమే పగిలింది.

టీ గ్లాసులో సగమే పోస్తుంది ఇప్పుడు, తొణకకుండా.
మొదట్లో అవమానంగా ఉండె.
ఇప్పుడు సగం తాగి, పిలుస్తాను.
మిగతా సగం తీసుకోని
మళ్లీ వస్తుంది.